నమిలిన దూది

“నమలాలి, మింగకూడదు. ఇదిగో, ఇలా.”

ల్యాబు అక్క దూది ఉండ నోట్లో వేసుకుని నిమిషంపాటు నమిలి, చిన్న గొట్టంలోకి ఉమ్మి మూత పెట్టింది. ఎదురు బెంచీ మీది ఆరుగురూ నవ్వారు. మంచాన పడ్డవాళ్ళకు ఏళ్ళ తరబడి సేవ చేస్తున్నవాళ్ళు వాళ్ళంతా. ఆ చాకిరీ, ఆ దిగులు కలిసి ఒంటిని ఏం చేస్తున్నాయో ఉమ్మిలో వెతకడమే అక్కడి పరిశోధన.

“ఈ వింత మా ఆవిడకి చెప్తే నమ్మదమ్మా,” అన్నాడు వాళ్ళలో ఉన్న టైలరు, అందరికన్నా గట్టిగా నవ్వి. ఆయన భార్య మంచం దిగక తొమ్మిదేళ్ళయింది. బయట ఏం చూసినా ఇంటికి మోసుకెళ్ళి ఆవిడకు చూపించందే ఆయనకు తోచదు.

అందరూ నమిలిన దూది తమ తమ నంబరు గొట్టాల్లో వేసి వెళ్ళాక అక్క ఫోను మోగింది. “మీ నాన్నకి నువ్వే తినిపించెయ్. నేనొచ్చి స్నానం చేయిస్తాలే,” అని పెట్టేసి, నిలబడే రెండు బిస్కెట్లు నమిలి, ట్రేలో గొట్టాలు లెక్కపెట్టింది. ఆరు. మనుషులూ ఆరుగురే. ఒకదాని మీద మాత్రం నంబరు చీటీ లేదు. టైలరుది మూడో నంబరు, అదొక్కటే కనబడడం లేదు. ఊడి ఎక్కడో పడి ఉంటుందిలే అని తనే కొత్త చీటీ రాసి అంటించింది. కళ్ళు మూసుకుపోతున్నాయి.

మర్నాడు ఆ పరిశోధన నడిపే ప్రొఫెసరమ్మ ఫలితాల కాగితం పట్టుకుని తనే వచ్చింది.

“అక్కా, ఈ మూడో నంబరు ఎవరు? పులి తరుముతుంటే పరిగెత్తే మనిషికి రావాల్సిన ఒత్తిడి అంకె ఇది. కూర్చున్న మనిషికి వచ్చింది!”

“టైలరు బాబాయి మేడమ్. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు.”

“నవ్వు పైకే. లోపల ఒళ్ళు గుల్లయిపోతోంది. ఇలాగే లాక్కొస్తే ఓ రోజు కుప్పకూలిపోతారు. పెద్ద డాక్టరుకి చీటీ రాస్తున్నాను. ముందు విశ్రాంతి తీసుకోమని మీరు నచ్చజెప్పండి.”

అక్క వెంటనే ఫోను చేసి పిలిపించింది. టైలరు రాగానే కుర్చీ లాగి కూర్చోబెట్టింది.

“బాబాయ్, నిద్ర పడుతోందా?”

“హాయిగా. మా చెల్లెలొచ్చి ఉంటోందిగా, సగం పని తనే చేస్తుంది.”

“నా దగ్గర దాచకు. కుదురుగా కూర్చుని నాలుగు ముద్దలు తిని ఎన్నాళ్ళయింది? బాగానే ఉన్నానని అందరికీ చెప్తావు. నువ్వెలా ఉన్నావని ఒక్కళ్ళయినా అడుగుతారేమోనని చూస్తావు. ఎవరూ అడగరు.” అక్క డాక్టరు చీటీ ఆయన ముందుకు తోసింది. “ఈ చీటీ తీసుకో. ఇవాళే వెళ్ళు.”

టైలరు కంగారుపడ్డాడు.

“నాకంత కష్టమేం లేదు తల్లీ. ముందు నా తప్పు ఒప్పుకోనీ, తర్వాత తిడుదువుగాని.” జేబులోంచి చిన్న గొట్టం తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద మూడో నంబరు చీటీ చెక్కుచెదరలేదు. “మా ఆవిడకి చూపిద్దామని నిన్న పట్టుకుపోయాను. పరీక్ష పాడైపోయిందా?”

అక్క గొట్టాన్ని చేతిలోకి తీసుకుంది. బిగించిన మూత బిగించినట్టే ఉంది, లోపల దూది ఉంది.

నిన్న పరీక్షకు వెళ్ళింది, తను నమిలి చూపించిన దూది.