రెండు గంటలు ఆగాలి

"తొందరపడకు అల్లుడూ. దాన్ని పూర్తిగా పక్కకి తిరగనీ," అన్నాడు ఓజ్‌బోల్ట్, పెదవులు కదిపీ కదపకుండా.

యెర్నేయ్ తుపాకీ బిగించి పట్టుకున్నాడు. ఎదురుగా పోహోర్యె కొండవాలులో, అప్పుడే పడుతున్న ఎండలో, దుప్పి మెడ వెనక్కి తిప్పి హేజెల్ పొదలకేసి చూస్తోంది. చెవులు నిక్కించింది.

"అటేం చూస్తోంది మావయ్యా?"

"ఏ ఆడదుప్పో ఉండుంటుంది. మంచిదేలే, మనల్ని చూడదు. ముంగాలి వెనక, రొమ్ము అంచుకి నాలుగు వేళ్లు పైన కొట్టు. గుండె అక్కడే ఉంటుంది. అక్కడ తగిలితే చచ్చిపోయినట్టు కూడా దానికి తెలీదు."

ఈ విషయంలో ఓజ్‌బోల్ట్‌ది చాదస్తమని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. నవ్వరా మరి! ముప్పై ఏళ్ల కిందట అతని తూటా కడుపులో తగిలిన దుప్పి ఒకటి, వెంటబడి తరిమితే రెండు కొండలు దాటి, మూడో రోజున చచ్చింది. ఇక ఏ జీవాన్నీ అలా చావనివ్వనని అతను ఆనాడే ఒట్టు పెట్టుకున్నాడు. ఇవాళ అల్లుడు గురి తప్పితే, తన తుపాకీ అతనికి ఇచ్చేది లేదని కూడా తేల్చి చెప్పాడు.

దుప్పి పక్కకి తిరిగింది. తుపాకీ పేలింది. దుప్పి ఎగిరి రెండు గెంతులు వేసి, ఎత్తయిన గడ్డిలో కనబడకుండా పోయింది.

ఆ వెంటే మూలుగు మొదలైంది.

ఓజ్‌బోల్ట్ మొహం మాడిపోయింది. "గుండెకి తగిలితే ఇలా మూలగదు. కడుపులో కొట్టావు నువ్వు."

యెర్నేయ్ లేవబోయాడు. మామ అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

"వెళ్లి ఇంకో తూటా వేసేస్తాను మావయ్యా. వినలేకపోతున్నాను."

"నువ్వెళ్తే ఆ భయానికి లేచి పరిగెడుతుంది. పేగులు ఈడ్చుకుంటూ రేపటిదాకా చస్తుంది. కడుపులో తగిలితే రెండు గంటలు ఆగాలి. దాని మానాన దాన్ని పోనీ. మనం చెయ్యగలిగిన మేలు అదొక్కటే."

ఆగారు. ఓజ్‌బోల్ట్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అల్లుడికి ఒక గుక్క సారా ఇచ్చాడు, తను ముట్టలేదు. మూలుగు ఆగేది, మళ్లీ వినబడేది. యెర్నేయ్ రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ మామ కూర్చోబెట్టాడు.

గంట దాటాక ఏ చప్పుడూ లేదు. అయినా రెండు గంటలూ నిండాకే లేచారు.

దుప్పి గడ్డిలో పదడుగుల లోపలే పడి ఉంది. ఓజ్‌బోల్ట్ వంగి తడిమి చూశాడు. తూటా ముంగాలి వెనక సరిగ్గా చెప్పినచోటే దిగి, అవతలి వైపునుంచి బయటికి పోయింది. కడుపు చెక్కుచెదరలేదు.

"గుండెకే తగిలింది మావయ్యా," అన్నాడు యెర్నేయ్. "పడ్డచోటే పోయింది. ఊరికే తిట్టారు నన్ను."

ఓజ్‌బోల్ట్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని తన తుపాకీ అల్లుడి భుజానికి తగిలించాడు. చచ్చిన దుప్పి నోట్లో పచ్చటి రెమ్మ పెట్టడం అక్కడి వేటగాళ్ల ఆచారం. అది దానికి ఆఖరి ముద్ద. రెమ్మ విరుద్దామని అతను దుప్పి వెనకనున్న ఆ హేజెల్ పొదల దగ్గరికి నడిచాడు.

పొద అవతల, సగం నిండిన పుట్టగొడుగుల బుట్ట పక్కన, రెండు చేతులతో కడుపు అదిమి పట్టుకుని, అతని కూతురు పడి ఉంది.