ఆ రోజుల్లోనే డ్యూటీ

“ఎవరండీ ఆవిడ?” బూట్లు తొడుక్కుంటున్న భర్తను ఆమె గుమ్మంలోనే నిలదీసింది.

“ఏ ఆవిడ?”

“తెల్లబట్ట పచ్చిగుడ్డు తెల్లసొనలా జారుగా సాగినా, పొత్తికడుపులో ఒక పక్క సన్నగా నొప్పి వచ్చినా అండం విడుదలయ్యే సమయమని, బిడ్డ కావాలంటే ఆ రోజులే ముఖ్యమని డాక్టరమ్మ చెప్పింది కదా. నేను ఆ సంగతి మీ చెవిన వేసిన ప్రతిసారీ మీకు నైట్ డ్యూటీ పడుతోంది. మీరే అడిగి మరీ వేయించుకుంటున్నారట! మీ సూపర్‌వైజరే చెప్పాడు.”

అతను తల వంచుకున్నాడు.

“నా మొహం చూసి చెప్పండి. ఎక్కడికి వెళ్తున్నారు?”

“ఫ్యాక్టరీకే. నీమీదొట్టు.” అతను తొడుక్కుంటున్న బూటు పక్కన పెట్టేశాడు. “పోయినసారి కాన్పులో నర్సు నీ బట్టలు మూటకట్టి నా చేతికిచ్చింది. నెత్తుటితో తడిసి ఎంత బరువుగా ఉన్నాయో! బిడ్డ ఎలాగూ దక్కలేదు, నిన్ను కూడా ఇక చూడననుకున్నాను. మళ్ళీ కడుపంటే నాకు వణుకు పుడుతోందే.”

ఆమె ఆ దుఃఖం తన ఒక్కదానిదే అనుకుంది ఇన్నాళ్ళూ.

“డాక్టరమ్మను ఇద్దరం కలిసి అడుగుదాం. ఆవిడ భయం లేదంటేనే,” అంటూ అతని పక్కన కూలబడింది.

పోయిన బిడ్డ కోసం వాళ్ళిద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి.