విమానం ఎక్కిన డప్పు

జలపతిరావు పట్వారీ మాట విని చెడిపోయినవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. ఆ లెక్కలో నర్సన్న కూడా చేరాడు. లేకపోతే కోరుట్ల పక్క పల్లెలో డప్పు కొట్టుకునే మనిషికి, బేగంపేట విమానాల అడ్డాలో పోలీసుల ముందు చేతులు కట్టుకుని నిలబడే గాచారం ఏమిటి?

"ఏ ఊరు రా నీది?" ఎస్సై అడిగాడు.

"కోరుట్ల దిక్కు, దొరా. జగిత్యాల తాలూకా."

జగిత్యాల పేరు చెవిన పడగానే, గోడకు ఆనుకుని ఉన్న జవాను నిటారుగా నిలబడ్డాడు. ఇంకొకడు తుపాకీ భుజం మార్చుకున్నాడు.

"విప్పు ఆ మూట."

నర్సన్న విప్పాడు. డప్పుకు చుట్టింది ఎర్రగుడ్డ.

"జగిత్యాల వాడివి. చేతిలో డప్పు. దానికి ఎర్రగుడ్డ. అన్నల పాటలకు కొడతావన్నమాట!"

"లేదు, నీ బాంచెన్! గది పోచమ్మకు పెట్టిన చీరె ముక్క. నేను సావుకు కొడ్త, బోనాలకు కొడ్త, సర్కారు చాటింపులకు కొడ్త. ఊరు మొత్తానికి గీ డప్పొక్కటే. ఢిల్లీల డప్పుల ఆట ఉన్నదట. పోవాల్సినోనికి జరమచ్చింది, రైలెక్కితె అందవని పట్వారీ దొర గీ గాలిమోటరెక్కుమన్నడు."

"డప్పు కొట్టేవాణ్ణి విమానం ఎక్కిస్తున్నాడా మీ పట్వారీ? సొంత అల్లుడికైనా ఎక్కా బండి కట్టించాడా?"

జవాన్లు పగలబడి నవ్వారు. నర్సన్న కూడా నవ్వబోయాడు గానీ పెదవులు అంటుకుపోయాయి. పోయిన నెలలో పక్క ఊరి పిల్లవాణ్ణి ఒక్క మాట అడిగి పంపుతామని జీపులో ఎక్కించుకున్నారు. ఆ జీపు మళ్లీ వచ్చింది, పిల్లవాడు రాలేదు.

రొండిలో వెతికితే అగ్గిపెట్టె, ఎండుగడ్డి దొరికాయి.

"ఇదేంట్రా? విమానం తగలబెడతావా?"

"డప్పు కాపుకోవాలె దొరా. ముసురుకు తోలు మెత్తబడ్డది. కాగకుంటె మోగది."

"కొట్టు చూద్దాం."

కొట్టాడు. తడిసిన బొంత మీద కొట్టినట్టు దబ్బుమంది. ఇంకోసారి కొట్టబోతే చేతిలో పుల్ల జారి కింద పడింది. వంగి తీసుకోబోతే మళ్లీ జారింది. ఇక తన పని అయిపోయిందనుకున్నాడు. బాయికాడ తన మడిలో కోతకొచ్చిన వరి కళ్ల ముందు కదిలింది. పెండ్లాం రాజక్క ఒక్కతే ఎట్లా కోస్తుంది?

ఎస్సై అతన్ని కిందికీ మీదికీ చూశాడు. "ఇట్లా వణికేవాణ్ణి అన్నలు దగ్గరికి కూడా రానివ్వరు. ఈ డప్పు ఢిల్లీ దాకా ఎందుకు, దండగ! వీణ్ణి కోరుట్ల బస్సెక్కించండి. పొద్దుగూకే లోపల ఊరు చేరతాడు. ఇంటికి పోరా."

పోయిన ప్రాణం లేచివచ్చింది నర్సన్నకు. "నీ కడుపు సల్లగుండ దొరా! పోత, ఇప్పుడే పోత!" అని డప్పు చంకన పెట్టుకున్నాడు.

అప్పుడే టికెట్లు పట్టుకుని ఉరికొచ్చాడు కిషన్‌రావు. పట్వారీకి సొంత తమ్ముడు. పట్నంలో ఈ ఆటల ఆఫీసులో కొలువు. మొఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"సార్, వెనక్కి మాత్రం పంపకండి! మా మనిషే. పూచీ నాది. ఏయ్ నర్సిగా, ఇటు తే!"

డప్పు గుంజుకుని క్యాంటీన్ పొయ్యి దగ్గరికి పరుగెత్తాడు. తోలును సెగకు పెట్టి, అటూ ఇటూ తిప్పి తిప్పి కాచాడు. దొరల ఇంటి మనిషి తన డప్పును చేత పట్టుకోవడం నర్సన్న పుట్టి బుద్ధెరిగి చూడలేదు. వాళ్ల గడపలో తన నీడ పడితేనే కసురుకునేవాళ్లు. తన కోసం ఇంత తండ్లాడుతున్నాడని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కొట్టు! పానం పెట్టి కొట్టు!"

నర్సన్న ప్రాణం పెట్టి కొట్టాడు. అద్దాలు అదిరాయి. ఎస్సై చెవులు మూసుకుని, పొమ్మని చెయ్యి ఊపాడు.

"బతికిచ్చినవ్ చిన్నదొరా," అన్నాడు నర్సన్న.

"నువ్వు గాదు, నేను బతికిన," చెమట తుడుచుకున్నాడు కిషన్‌రావు. "నిన్ను వాపసు తోలితె మా అన్న నన్ను సంపుతుండె."

విమానం లేచినప్పుడు నర్సన్న డప్పును కడుపుకు కరుచుకుని కళ్లు మూసుకున్నాడు. కింద ఊళ్లు చీమల పుట్టల్లా ఉన్నాయని పక్కాయన చెప్పినా తెరవలేదు.

వచ్చేటప్పుడు విమానం లేదు, రైలే. నాలుగో నాడు కోరుట్లలో బస్సు దిగి, డప్పు చంకన పెట్టుకుని ముందుగా బాయికాడికే నడిచాడు. ఎవరెవరో కూలీలు గట్టు మీద కొత్త కంప నాటుతున్నారు. కంప అవతల రాజక్క నేల మీద కూలబడి ఉంది.

"ఏందే గిది? ఎవలీళ్లు?"

"ఎన్నటిదో శిస్తు బాకీ అట. మొన్న మన మడిని వేలం ఏసిండ్రు. పట్వారీ బామ్మర్ది పాడుకున్నడు. మనోళ్లకు ఒక్కనికి ఎరుక లేదు."

"చాటింపు లేక వేలమెట్లయితదే? ఊళ్లె డప్పు మోగాలె గదా! డప్పు నా తాననే ఉన్నది, నేను మొగులు మీద ఉన్న!"

"గట్లనే అడిగిన. నవ్విండ్రు. నర్సిగాడు విమానమెక్కిండా అని అందరూ నవ్విండ్రు." రాజక్క కొంగు నోట్లో కుక్కుకుంది. "చాటింపు అయిందట. వాడ వాడ తిరిగి కొట్టింది నువ్వేనని పట్వారీ సాక్షం చెప్పిండట."

ఆకాశంలో ఉన్న డప్పుతో, తనే చాటింపు వేసి నర్సన్న పోగొట్టుకున్నది ఎకరా పదకొండు గుంటలు.