సారు ఊదిన బిళ్ల

“మళ్లీ ఎరుపే! నీ మొహంలా ఉంది నీ పని!” సారు తాను ఊదిన గాజుబిళ్లను బల్లమీదికి గిరాటేశాడు. గటగటా అరసీసా నీళ్లు తాగి మళ్లీ అందుకున్నాడు. “రేపు పెద్దవాళ్లొస్తున్నారు. ఏం చూపించమంటావ్, నా తలకాయా?”

ఆ బిళ్ల మీద కంటికి ఆననంత సన్నటి రేణువుల పూత ఉంది. నీలిదీపం కింద పెడితే పచ్చగా వెలుగుతుంది. షుగరు ముదిరిన మనిషి ఊదితే ఎర్రబడి, కాసేపటికి మళ్లీ పచ్చబడాలి. మిగతా ఎవరు ఊదినా పచ్చగానే ఉండాలి. ఆ ల్యాబులో ఏ బిళ్లనైనా ముందు సారు ఊది పాస్ చేయాల్సిందే. పుట్టి బుద్ధెరిగాక జ్వరమన్నది ఎరగనని ఆయన గొప్ప.

“నేను ఊదితే పచ్చగానే ఉంది సార్,” అంది పరిశోధకురాలు, పళ్లు బిగబట్టి.

“చాల్లే! చేసినవాళ్లే మార్కులేసుకుంటే నేనెందుకమ్మా ఇక్కడ, గోళ్లు గిల్లుకోవడానికా? చేతులు సరిగ్గా కడుక్కోవు, పూత చెడగొడతావు, పైగా ఎదురు మాటలు! రేపట్నించి ఈ పని ఇంకొకళ్లు చూసుకుంటారు. నీ సామాను సర్దుకో!”

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తిండీ నిద్రా మానుకుని చేసిన పనిని ఒక్క మాటతో బుగ్గిపాలు చేస్తాడా? బిళ్లను నీలిదీపం ఉన్న చిన్న పెట్టెలో పెట్టుకుని విసవిసా వరండాలోకి వచ్చింది.

“అన్నా, ఇందులో ఊదు!” వాచ్‌మన్ బెదిరిపోయి ఊదాడు. పచ్చగానే ఉంది.

“అక్కా, నువ్వూ!” ఊడ్చే ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని ఊదింది. పచ్చగానే ఉంది.

“బాబాయ్, మీరు కూడా!”

“నా షుగరు సంగతి ఊరందరికీ తెలిసిందేగా తల్లీ,” అంటూనే ముసలి గుమస్తా ఊదాడు. బిళ్ల ఎర్రబడింది.

“చూశారా! నా బిళ్ల నిక్షేపంలా పనిచేస్తోంది!” అని అరిచి, సారుని కడిగిపారేద్దామని అదే ఊపులో వెళ్లి తలుపు తోసింది.

సారు రెండో సీసా ఎత్తి తాగుతున్నాడు. “ఏంటింకా? నీ మీద అరిచీ అరిచీ నాలుక పిడచగట్టుకుపోతోంది. ఎన్ని తాగినా ఈ పాడు దాహం తీరి చావదు!”

ఆమె ఖాళీ సీసా వైపు చూసింది. ఆయన వైపు చూసింది. పెట్టె బల్లమీద పెట్టి, బండి తాళాలు అందుకుంది.

“బిళ్ల పాసైంది సార్. బండి తీస్తాను, ఆస్పత్రికి పదండి.”