ముప్పై మీటర్లు

"ఎక్కడో తప్పు చేసుంటావు, మళ్లీ ఒకసారి చూడవే" అన్నాడు తాతయ్య. పొద్దున్నించి ఇది ఏడోసారి.

గువ్వకు ఏడుపొక్కటే తక్కువ. నిన్న సాయంత్రం తను హోంవర్కు చేసుకుంటుంటే తాతయ్యే పక్కన చేరి, "నాదీ ఒక లెక్కుంది, చేసిపెట్టు" అన్నాడు. గంటకు యాభై నాలుగు కిలోమీటర్ల వేగంతో పోతున్న బస్సు. ముప్పై మీటర్ల దూరంలో రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చిన పాప. డ్రైవరు చూసిన వెంటనే బ్రేకు తొక్కితే బస్సు ఆగుతుందా, ఆగదా? చలనం, శక్తి పాఠాలు కొత్తగా వంటబట్టిన హుషారులో గువ్వ చకచకా చేసేసింది. కాలు బ్రేకు మీదికి చేరేలోపు తొమ్మిది మీటర్లు, ఆ తర్వాత బస్సు నిలిచేలోపు పద్దెనిమిది. "భేషుగ్గా ఆగుతుంది తాతయ్యా! ఇంకా మూడు మీటర్లు మిగుల్తాయి" అంది. ఆ బస్సు నడిపింది తాతయ్యేనని, ఆయన మొహం పాలిపోయాక గానీ ఆమెకు తెలియలేదు.

అప్పటినుంచి ఆయన పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఇరవై రెండేళ్ల కిందటి సంగతి అది. పాప దక్కలేదు. తప్పు లేదని కోర్టు ఆయన్ను వదిలేసింది గానీ ఆయన తనను తాను వదల్లేదు. చూసిన వెంటనే తొక్కాడా, లేక ఆ ఒక్క క్షణం దిక్కులు చూశాడా? అదొక్కటే గుర్తులేదు. మిగతాదంతా గుర్తే. కళ్లు మూసుకుంటే ఆ పాప పసుపు గౌను, తెరిస్తే పసుపు గౌను. ఆ దూరంలో బస్సు ఆగే వీలే లేదని తేలితే ఆయన తప్పు లేనట్టు. ఆగేదే అయితే ఆయన ఆలస్యం చేసినట్టు. ముద్దుల మనవరాలు పెన్సిలు ముక్కతో తీర్పు చెప్పేసింది.

"పద, మా ఫిజిక్స్ టీచర్ని అడుగుదాం. ఆవిడ లెక్క తప్పగా ఇంతవరకూ ఎవరూ చూళ్లేదు" అంది గువ్వ చివరికి.

దారి పొడవునా దేవుళ్లందరికీ మొక్కుకుంది. తన లెక్క తప్పు కావాలని మొక్కుకున్న పిల్ల బహుశా లోకంలో ఆమె ఒక్కతే అయ్యుంటుంది.

ఆదివారం కావడంతో ట్యూషన్ గదిలో పిల్లలు లేరు. టీచరు బెంచీలన్నీ ఓ పక్కకు జరిపి ఊడుస్తోంది. జవాబు పక్కన మీటరని రాయని పాపానికి గువ్వ నెత్తిన ఆవిడ మొట్టికాయలు ఎన్ని పడ్డాయో లెక్కలేదు.

"రండి పెద్దాయనా, కూర్చోండి. ఏ క్లాసు లెక్క?"

"నా క్లాసుదేనమ్మా" అని నవ్వబోయాడు తాతయ్య. నవ్వు రాలేదు.

అంతా చెప్పాడు. పోస్టాఫీసు మలుపు. బడి వదిలే వేళ. పసుపు గౌను. "బండి కిక్కిరిసి ఉందమ్మా, యాభైమందికి పైమాటే. వెంటనే తొక్కాననే అనుకుంటాను. గుండె మీద చెయ్యేసి చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. కోర్టులో ఉన్నన్నాళ్లూ తలెత్తలేకపోయాను."

టీచరు చీపురు పట్టుకునే విన్నది. విన్నాక చాలాసేపు ఆయన్నే చూసింది. గువ్వకు భయమేసింది.

"నిన్నటినుంచి ఏమీ తినలేదు టీచర్. కొంచెం తొందరగా చూడరా" అని నోటుబుక్కు అందించింది.

టీచరు చీపురు గోడకు ఆనించి, పేజీ మీద ఒకసారి కళ్లు తిప్పింది.

"ఏమే, బస్సులో జనం ఏరి?"

"జనమా?"

"యాభైమంది బరువు ఎక్కడ రాశావు? నిండు బండికి శక్తి ఎక్కువుండదూ? ఆగడానికి దూరమూ ఎక్కువే పడుతుంది. ఇంకో తొమ్మిది మీటర్లు కలుపు. మొత్తం ముప్పై ఆరు. ముప్పైలో ఎలా ఆగుతుంది?" అంటూ ఎర్ర పెన్నుతో లెక్కంతా అడ్డంగా కొట్టేసింది.

గువ్వ నోరు తెరిచింది. టీచరు చూసిన చూపుకి మళ్లీ మూసుకుంది.

"అంటే..." తాతయ్య ముందుకు వంగాడు.

"ఆగదు పెద్దాయనా. మీరు కాదు, ఎవరు తొక్కినా ఆగదు. ఇంటికెళ్లి కడుపునిండా భోంచేయండి."

తాతయ్య రెండు చేతులూ జోడించి, ఆ బెంచీ మీదే చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. పంపు దగ్గర మొహం కడుక్కుని, "నేను మెల్లగా నడుస్తుంటా, నువ్వొచ్చేయ్" అని మెట్లు దిగాడు. గువ్వకు ఊహ తెలిశాక ఆయన నడుము నిటారుగా ఉండడం ఇదే చూడడం.

సంతోషంగానే ఉంది. కానీ ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు.

"టీచర్, బండి బరువు పెరిగితే టైర్ల కింద రాపిడి కూడా అంతే పెరుగుతుంది కదా? ఖాళీ బస్సయినా నిండు బస్సయినా ఆగే దూరం ఒకటేనని మొన్న సోమవారం మీరే చెప్పారు. బరువుని రెండు వైపులా కొట్టేసి చూపించారు కూడా. నా లెక్కే కరెక్టు. మీకే... తప్పయింది."

టీచరు కిటికీలోంచి వీధి మలుపు తిరుగుతున్న ముసలాయన్ని చూస్తోంది. ఆయన కనుమరుగయ్యాక ఇటు తిరిగింది.

"నీ లెక్క సరైనదేనమ్మా. ఇరవై రెండేళ్లుగా రోజూ నేను చేస్తున్నదీ అదే. ప్రతిసారీ ఆ బస్సు మా పాపకు మూడు మీటర్ల ఇవతలే ఆగిపోతుంది."