ఉమ్మ్ యజన్ లేబుల్

అమ్మాన్‌లోని మా ఆఫీసులో ఏఐ ఏజెంటు వాడే సాధనాలకు వివరణ రాయడం నా పని. ఆ ఉదయం, చేయాల్సిన పనుల జాబితాలో ఏ పని ఎవరిదో చెప్పే పేర్ల లేబుళ్ళను కలిపే సాధనం గురించి రాశాను: "ఒకే మనిషికి రెండు లేబుళ్ళుంటే ఒకటిగా కలపాలి. తీసేసిన పేరు మళ్ళీ రాదు. అందుకే ముందు ఆ మనిషిని అడగాలి."

"అడగడమెందుకు, రిహాబ్ మేడమ్? ఏజెంటుకు మనకన్నా తెలివెక్కువ," అని నవ్వాడు పక్క సీటు నిజార్.

"తెలివి వేరు, మర్యాద వేరు, నాయనా."

సరిచూద్దామని అతను ఆ సాధనాన్ని మా ఆఫీసు జాబితా మీదే నడిపించాడు. తెర మీద ప్రశ్న వచ్చింది: "రిహాబ్, ఉమ్మ్ యజన్ ఒకే మనిషి. ఉమ్మ్ యజన్ లేబుల్‌ను రంజాను నుంచి ఎవరూ వాడలేదు. తీసేయమంటారా?"

మా దగ్గర తల్లిని పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు. పాతికేళ్ళుగా నేను ఉమ్మ్ యజన్‌ని, యజన్ తల్లిని.

నిజార్ తల దించుకున్నాడు. "రిహాబ్ అనే రెండో లేబుల్ నేనే పెట్టాను మేడమ్. యజన్ పేరు వింటే మీకు కష్టంగా ఉంటుందని, అందరం అనుకున్నాం."

"రంజానులో నా కొడుకు ఒక్కసారే పోయాడనుకున్నాను," అన్నాను. "రిహాబ్‌ని తీసెయ్."

ఆ పూటంతా అతను నన్ను ఏ పేరుతోనూ పిలవలేదు. సాయంత్రం గుమ్మం దగ్గర ఆగాడు.

"వెళ్ళొస్తాను, ఉమ్మ్ యజన్."

అల్లా అతని తల్లిని చల్లగా చూడాలి.