ఊదా రంగు ముద్ద

“చేతులు చూపించు,” అంది పిడుగు.

డ్రైవింగ్ మాస్టారు చూపించాడు.

“గోళ్లు?”

గోళ్లు కూడా చూపించాడు. పాసయ్యాడు. ఐదేళ్ల పిడుగు కుర్చీ మీద మోకాళ్లేసుకుని కూర్చుని, పని మొదలుపెట్టడానికి అనుమతి ఇచ్చింది. దాని తమ్ముడు బుడ్డోడు అప్పటికే బల్ల కింద చేరి, ఒలికిన మైదా రుచి చూస్తున్నాడు.

మాస్టారు ఆ ఇంటికి కొత్త. పిల్లల తల్లిని పెళ్లి చేసుకుని అక్కడికొచ్చి ఇంకా ఏడాది నిండలేదు. పిల్లల కన్నతండ్రి పోయేనాటికి పిడుగు పాకుతోంది, బుడ్డోడు కడుపులో ఉన్నాడు. కాబట్టి ఆ ఇంట్లో నాన్న పోస్టు చాలాకాలంగా ఖాళీ. మాస్టారు చేస్తున్నది ఆ పనే గానీ, హోదా మాత్రం అంకుల్.

“నాన్నా అని పిలవమని వాళ్లని అడగొద్దు. ఆ మాట దానంతటదే రావాలి,” అని భార్య ముందే చెప్పింది.

అతను అడగలేదు. గుర్రమయ్యాడు, ఏనుగయ్యాడు. పిల్లలు ఎక్కారు, దిగారు, “థాంక్స్ అంకుల్” అన్నారు. ఆ ఒక్క మాట కోసం అతను చెవులు రిక్కించుకుని బతుకుతున్నాడు. వీధిలో ఎవరి పిల్లలు ‘నాన్నా’ అని అరిచినా ముందు తనే తిరిగి చూస్తున్నాడు.

ఇవాళ పిల్లలకి సెలవు. వాళ్ల అమ్మ పనిచేసే మందుల షాపుకి సెలవు లేదు. ఇద్దరూ ఇల్లు పీకి పందిరేస్తుంటే, ఆడుకోవడానికి రంగుల పిండిముద్దలు చేద్దామన్నాడు మాస్టారు. మైదా, ఉప్పు, కాస్త నూనె, గోరువెచ్చటి నీళ్లు, కేకుల్లో వేసే రంగు. కలిపితే సరి. గేర్లు మార్చడం నేర్పడం కంటే తేలికే అనుకున్నాడు.

“ఏ రంగు చేద్దాం?”

“ఊదా.”

“ఊదా రంగు సీసా లేదు తల్లీ. ఎరుపూ నీలమూ కలిపి చేద్దాం.”

నీళ్లు ఎక్కువయ్యాయి. పిండి జిగురైంది. మైదా వేశాడు. పెళ్లలుగా విరిగింది. మళ్లీ నీళ్లు పోశాడు. కాసేపటికి ముద్ద బుడ్డోడి తలకాయంత అయ్యింది గానీ కుదురుగా మాత్రం రాలేదు.

“నిదానంగా. ఎవరూ తరమట్లేదు నిన్ను,” అంది పిడుగు.

“అలాగే.”

“అంత గట్టిగా కాదు, మెల్లగా పిసకాలి. ఏదీ, నావైపు చూడు. ఇలా. ఆఁ… నా బంగారం!”

రోజూ పదిమందికి స్టీరింగ్ తిప్పడం నేర్పే మనిషికి ఆ మెచ్చుకోలు ఎందుకో బాగానే అనిపించింది. చెప్పినట్టే మెల్లగా పిసికాడు. ఎర్ర చుక్కలు వేశాడు, నీలం చుక్కలు వేశాడు. నిజంగానే ఊదా రంగు తొంగి చూసింది. పిడుగు చప్పట్లు కొట్టింది.

సరిగ్గా అప్పుడే బుడ్డోడు బల్ల కింద నుంచి పైకొచ్చి, పచ్చరంగు సీసా మొత్తం అందులో బోర్లించాడు.

“నేను కూడా,” అన్నాడు సంజాయిషీగా.

డ్రైవింగ్ నేర్పే బండిలో మాస్టారి కాలికింద కూడా ఓ బ్రేకు ఉంటుంది. ఇక్కడ లేదు. ఊదా పోయింది. వాన వెలిశాక రోడ్డు వారన కనిపించే రంగొచ్చింది. పిసికేకొద్దీ ఇంకా బురదవుతోంది. మాస్టారికి చెమట పట్టింది. తుడుచుకోబోయి, ఉప్పు చేత్తో కన్ను నలుపుకున్నాడు.

కన్ను భగ్గుమంది. నీళ్లు బొటబొటా కారాయి. రెండో కన్నూ తోడొచ్చింది.

పిడుగు కుర్చీ దిగింది. దగ్గరికొచ్చి, గౌను అంచుతో అతని చెంపలు తుడిచింది.

“ఏడవకు నాన్నా, ఏం కాలేదు,” అంది. “ఇంకోటి చేసుకుందాం.”

మాస్టారు అప్పుడు నిజంగా ఏడ్చాడు. అందులో ఉప్పు తప్పేం లేదు. ఇంత సంతోషం అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కుళాయి కింద కళ్లు కడుక్కున్నాడో లేదో, పక్కగదిలోకి పరిగెత్తి భార్యకి ఫోన్ చేశాడు.

“పిలిచింది!”

“ఎవరండీ? ఎవర్ని?”

“పిడుగు! నన్ను! నాన్నా అంది!”

అవతల మందులడిగేవాళ్ల గొంతులు మాత్రం వినిపించాయి.

“మీరేం చేస్తుంటే అంది?”

“ఏడుస్తుంటే. అంటే ఏడుపు కాదులే, కంట్లో ఉప్పు పడింది. కళ్లు తుడిచి మరీ అంది!”



“మంచిదే కదండీ,” అంది భార్య నెమ్మదిగా. “దాన్ని మాత్రం ఇంకేం అడక్కండి. నేనొచ్చాక మాట్లాడుకుందాం.”

“అడగడమెందుకు? నా రెండు చెవులా విన్నాను!”

సంతోషంతో ఆమెకి నోట మాట రావడం లేదనుకున్నాడు మాస్టారు. తన పరిస్థితీ అంతే. రేపు బండి నేర్చుకోవడానికొచ్చే ప్రతివాళ్లకీ ఈ సంగతి చెప్పాలి. ‘మా అమ్మాయి’ అని మొదలుపెట్టాలి. ఓసారి పైకి అని చూసుకున్నాడు. “మా అమ్మాయి.” బాగానే పలికింది.

ఇంతలో వంటగదిలో దభీమని చప్పుడైంది. ఫోన్ చెవి నుంచి తియ్యకుండానే తలుపు దగ్గరికెళ్లి తొంగి చూశాడు. పిల్లలకేం కాలేదు. కొత్త ముద్ద కోసం మైదా డబ్బా అందుకుందామని వాళ్లు జరిపిన ప్లాస్టిక్ స్టూలు బోర్లా పడింది.

పిడుగు స్టూలుని లేపి నిలబెట్టి, దాని కాలు నిమురుతూ, “ఏడవకు నాన్నా, ఏం కాలేదు,” అంది.